మూడు గీతల వెనక

మిర్యాలగూడ,
12 జూన్ 2024

నీలకు, అత్తమ్మ ఆశీస్సులు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావు. నవ్వుకో. ఫోన్లో నేను చెప్పిందానికల్లా "ఊ అత్తమ్మా, ఊ" అంటావు. పెట్టేశాక నీకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, కాగితం మీద ఉన్నదే నాకు మాట. ఈ పని అయ్యేదాకా మనం ఉత్తరాలే రాసుకుందాం.

పని ఏమిటంటే, నాకో వెబ్‌సైట్ కావాలి. కోదాడలో హోటళ్లకూ ఫంక్షన్ హాళ్లకూ నువ్వు చేసిపెడుతున్నావని మా చిన్నన్న, అదే మీ నాన్న, చెప్పాడు. మొన్న హైదరాబాద్‌లో ఒక సభకు పోతే ఒకావిడ "మీ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, మీ సైట్ ఏది?" అని అడిగింది. "మా ఇంటి అటక మీద దొరుకుతాయి" అన్నాను. అందరూ నవ్వారు కానీ నాకు తల కొట్టేసినట్టయింది. రెండు పుస్తకాలు వేసిన మనిషిని, నాకంటూ ఒక తలుపు ఉండొద్దా? తెరవగానే సన్నాయి వినిపించాలి. నా ఫొటో చుట్టూ నెమళ్లు ఉంటే ఇంకా బాగుంటుంది.

మీ పెద్దబాపుకు ముందే చెప్పేశాను. నా పుస్తకాల్లో సగానికి పైగా మట్టయ్యన్న గొర్రెల మంద వెంట నడుస్తూ చెప్పిన కథలే కదా. "అన్నా, ఇగ నిన్ను లోకమంత సూస్తది. ఫోన్ తెరవంగనే నువ్వే కనవడతవ్" అన్నాను. చదువు రాదు కానీ బ్యాంకులో సంతకం కోసం తన పేరు నేర్చుకున్నాడు, ఎక్కడ కనబడినా గుర్తుపడతాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే నాకు మాట కూడా ఇచ్చాడు. మూడో పుస్తకం మా అమ్మ మీద రాయాలని నీకు తెలుసు. కరువొచ్చిన ఏడు మందను తోలుకొని అమ్మ, నాయన, అన్న మఠంపల్లి దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయారు. నేను చంటిదాన్ని, నన్నూ ఎత్తుకుపోయారు. మీ నాన్నను నాయనమ్మ దగ్గర ఉంచి పోయారు. తిరిగొచ్చేటప్పుడు అమ్మ లేదు. నాయన ఆ ఊసే ఎత్తకుండా కాలం చేశాడు. అక్కడ ఏం జరిగిందో తెలిసినవాడు ఇప్పుడు అన్న ఒక్కడే. అడిగినప్పుడల్లా "తర్వాత సెప్త తియ్" అనేవాడు. ఈసారి వానలు తగ్గినాక కూర్చోబెట్టి చెప్తానన్నాడు. నాకు అమ్మ ముఖమైనా తెలియదు నీలా. ఆ ఒక్కటీ రాసుకుంటే నాకు చాలు.

మీ అత్తమ్మ,
భద్రమ్మ


కోదాడ,
21 జూన్ 2024

అత్తమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకొని పోస్ట్‌మాన్ మా షాపుకు వస్తే, కోర్టు నోటీసేమో అని పక్క జిరాక్స్ షాపు వాళ్లంతా వచ్చి నిలబడ్డారు.

నెమళ్లు వద్దు, సన్నాయి అసలే వద్దు. ఆఫీసులో దొంగచాటుగా నీ కథ తెరిచినవాడు ఆ మోతకు ఉలిక్కిపడి మూసేస్తాడు, మళ్లీ రాడు. ఫంక్షన్ హాళ్లవాళ్లు అడిగితే పెడతాను, ఎందుకంటే వాళ్లు నా మాట వినరు. రచయిత సైట్‌కు వచ్చేవాళ్లకు ఎక్కువేం అక్కర్లేదు. నువ్వెవరు, ఏం రాశావు, పుస్తకం ఎట్లా తెప్పించుకోవాలి, నీతో మాట్లాడాలంటే ఎట్లా. ఇంతే. మొదటి పేజీ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. ఒక మంచి ఫొటో, నీ పేరు, రెండు వాక్యాలు. మిగతావన్నీ లోపల వేరే పేజీల్లో పెడతాను.

నీ గురించి నువ్వే రాసి పంపు. బిరుదులు, శాలువాలు కప్పిన ఫొటోలు వద్దని ముందే దండం పెడుతున్నాను.

ఉంటాను,
నీల


మిర్యాలగూడ,
4 జూలై 2024

నీలకు,

శాలువాల ఫొటోలు పక్కన పెట్టేశాను. పెట్టేటప్పుడు మనసొప్పలేదని కూడా తెలుసుకో.

దీంతో పంపిన ఫొటో చూడు. త్రిపురారం కాలువ గట్టు మీద తీసింది. కోత అయిన పొలంలో రాత్రిళ్లు మందను పడుకోబెడితే ఎరువవుతుందని అక్కడి రైతులు అన్నను పిలిపించుకున్నారు, అప్పుడు నేనూ పోయాను. మధ్యలో నేను, చుట్టూ మంద, కుడివైపు చివర గొంగడి కప్పుకొని అన్న. నా పక్కకు రమ్మని ఎంత పిలిచినా రాలేదు. "మంద నడుమ నిలవడితె కాపు ఎట్లయితది చెల్లె" అన్నాడు. ఎప్పుడూ అంతే, చివరనే నిలబడతాడు.

నా గురించి రెండు పేజీలు రాశాను, కోసుకో. కథలు చెప్పినవాళ్ల పేర్లు వేరే కాగితం మీద ఉన్నాయి, పుస్తకం చివర వేసినట్టే. మొదటి పేరు మట్టయ్య. దీన్ని ముందు పేజీలోనే పెట్టమందామనుకున్నాను. కానీ తేలిగ్గా ఉండాలంటున్నావు కదా, లోపలే పెట్టు. అన్న ఎట్లాగూ ఫొటోలో ఉన్నాడు. నా పేరు మాత్రం పెద్ద అక్షరాలతో వెయ్యి.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. మిల్లుల ఊక దుమ్ముకు తుమ్ములే తుమ్ములు.

అత్తమ్మ


కోదాడ,
18 ఆగస్టు 2024

అత్తమ్మా,

అయిపోయింది! అడ్రసు కింద రాశాను, చుక్క కూడా వదలకుండా కొట్టాలి.

నా ల్యాప్‌టాప్‌లో చూస్తుంటే నాకే ముచ్చటేస్తోంది. తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మంద. నడుమ నువ్వు, నీ తల మీదుగా నీ పేరు, కుడి అంచున పెద్దబాపు. పైన వరసగా "నా గురించి", "పుస్తకాలు", "కథలు చెప్పినవాళ్లు", "నాకు రాయండి". ఏది కావాలంటే అది నొక్కడమే. ఫోన్లో దానంతటదే సర్దుకుంటుంది, దానికి వేరే చేయక్కర్లేదు. పుస్తకం కావాలని ఎవరైనా రాస్తే నాకొస్తుంది, నేను నీకు చెప్తాను.

ఇక నలుగురికీ పంపు. పెద్దబాపుకు సుమతి వదిన ఫోన్లో చూపించమను. మామగారిని చూసుకుంటుంది కాబట్టి ఆ ఫోన్ ఎప్పుడూ ఆయనకు అందుబాటులోనే ఉంటుంది.

నీ మేనకోడలు,
నీల


మిర్యాలగూడ,
11 సెప్టెంబర్ 2024

నీలా,

మా పాత బడిలో కంప్యూటర్ మీద చూశాను. టీచర్లంతా చుట్టూ చేరారు. గొప్పగా ఉందమ్మా. నా పేరు అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజే సుమతికి పంపించాను.

కానీ ఈ ఉత్తరం సంతోషంతో రాయడం లేదు. వానలు తగ్గాయి కదా అని మొన్న ఆత్మకూర్‌లో అన్న ఇంటికి పోయాను. అన్న దొడ్లో గొర్రెలకు మేత వేస్తున్నాడు. నన్ను చూసి "వచ్చినవా" అన్నాడు, అంతే. చాయ్ తాగి, అమ్మ సంగతి చెప్పమన్నాను. "యాదికి లేదు చెల్లె" అన్నాడు. "ఎట్ల యాదికి లేదు, మొన్న సెప్తనంటివి గద" అన్నాను. "ముసలోన్ని అయిన. ఇగ ఏం యాదుంటయ్? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే అల్లుకో" అన్నాడు.

ఏ ఏట ఏ చెరువు తెగిందో చెప్పగల మనిషి. ఏ గొర్రె ఏ గొర్రె కడుపున పుట్టిందో చెప్పగల మనిషి. అమ్మ పోయింది గుర్తు లేదట. భయమేసింది నీలా. మతిమరుపు జబ్బు ఇట్లాగే మొదలవుతుందంటారు. నేను ఆలస్యం చేశానేమో.

అత్తమ్మ


కోదాడ,
23 సెప్టెంబర్ 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి నాకూ దిగులేసింది. మా షాపు ఓనరు వాళ్ల అమ్మకు ఇట్లాగే అయింది. పాతవి మరిచిపోతారు, ఉన్నట్టుండి కోపం వస్తుంది, ఎవరో తమ వస్తువులు ఎత్తుకుపోయారంటారు. ముందే చూపిస్తే మందులతో కొంచెం ఆపవచ్చట. సూర్యాపేటలో మంచి డాక్టర్ ఉన్నాడని విన్నాను, ఆలస్యం చేయకుండా తీసుకుపో. నేను వద్దామంటే దసరా ముందు పెళ్లి హాళ్లవాళ్లు నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఒక మంచి మాట. వరంగల్ నుంచి ఒకాయన, మన జిల్లా నుంచే ఇద్దరు పుస్తకం కావాలని రాశారు. చిరునామాలు వెనక రాశాను, అటక ఎక్కు.

నీల


మిర్యాలగూడ,
16 అక్టోబర్ 2024

నీలా,

పోయాం. పోకుండా ఉంటే బాగుండేది.

బీపీ చూపించుకుందామని చెప్పి తీసుకుపోయాను. నిజం చెబితే రాడని. ఆ డాక్టర్ పాపం మంచివాడే. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు అని అడిగాడు. అన్నకు అర్థమైపోయింది. నా వైపు ఒక చూపు చూసి, "సారూ, మా దొడ్ల గొర్లు ఒక్కొక్కదాని తల్లి పేరు సెప్పాల్నా, తండ్రి పేరు సెప్పాల్నా?" అని మొదలుపెట్టాడు. ఆపమన్నా ఆపలేదు. బయట వరసలో ఉన్నవాళ్లు కూడా లోపలికి తొంగి చూశారు. డాక్టర్ నవ్వేసి, ఈయనకు ఏ జబ్బూ లేదని పంపించాడు.

బస్సులో నా పక్కన కూర్చోలేదు. దిగేటప్పుడు మాత్రం అన్నాడు: "నా మందను నీ పేరు కిందికి తోలుకున్నవ్. ఇగ నాకు మతి గుడ లేదని రాయించుకుంటె నీకు నిమ్మలమైతదా?"

చూశావా? మంద అంతా ఆయన దొడ్లోనే ఉంది, ఒక్కటీ ఎటూ పోలేదు. నేను తోలుకున్నానట. నువ్వు రాసినట్టే, ఎత్తుకుపోయారంటున్నాడు. డాక్టర్‌కు అంతు చిక్కలేదు గానీ నాకు తెలుస్తోంది. ఏడుపొస్తోంది. కోపం కూడా వస్తోంది. దారంతా నాతో మాట్లాడకుండా ఏం చేశానని? ఆయనే పిలిచేదాకా ఇక ఆ గడప తొక్కను.

అత్తమ్మ


కోదాడ,
29 అక్టోబర్ 2024

అత్తమ్మా,

ఇది కూర్చొని చదువు.

నిన్న ఆత్మకూర్ పోయాను. నీ ఉత్తరంలో "నీ పేరు కిందికి తోలుకున్నవ్" అన్న మాట నన్ను పట్టుకొని వదల్లేదు. సుమతి వదిన ఫోన్ తీసుకొని మన సైట్ తెరిచాను. నేను దాన్ని ఫోన్లో తెరవడం అదే మొదటిసారి అత్తమ్మా. ఇన్ని సైట్లు చేసినదాన్ని, ఎప్పుడూ ఫోన్ పట్టుకొనే ఉండేదాన్ని, మనింటి పనే కదా అని ల్యాప్‌టాప్‌లో చూసి మురిసి ఊరుకున్నాను.

ఫోన్ తెర సన్నగా ఉంటుంది కదా. ఫొటో అందులో పట్టక రెండు అంచులూ తెగిపోయాయి. నువ్వున్నావు, మంద ఉంది, మంద మీద నీ పేరు ఉంది. పెద్దబాపు లేడు. పైన వరసగా ఉండాల్సినవన్నీ మూడు చిన్న గీతల వెనక్కి పోయాయి. ఆ గీతలు నొక్కితేనే పేర్ల పేజీ వస్తుంది. వాటిని నొక్కాలని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

తెరవగానే తనే కనబడతాడని నువ్వన్నావు కదా. సుమతి వదిన చెప్పింది, ఆయన తన పేరు కోసం పైకీ కిందికీ జరిపి జరిపి వెతికాడట. మర్నాడు మళ్లీ అడిగి వెతికాడట. తర్వాత ఫోన్ ఇచ్చేసి "దాని పేరే ఉన్నది తియ్" అన్నాడట. ఆయనకు ఏ మతిమరుపూ లేదు. మనసు విరిగింది, అంతే. డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మన్నది నేను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆయన పక్కన కూర్చొని మూడు గీతలు నొక్కి చూపించాను. మొదటి పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "అరె, ఉన్ననే" అన్నాడు. ల్యాప్‌టాప్‌లో ఫొటో చూపిస్తే అంచున తనను చూసుకొని నవ్వాడు. "నేనేమో చెల్లెను అనరాని మాటంటి. పాపం అది డాక్టర్ కాడ ఎంత పరేషాన్ అయిందో" అన్నాడు. రాత్రే అంతా సరిచేశాను. ఇప్పుడు ఫోన్లోనూ ఆయన కనబడతాడు, ఆయన పేరు నీ పేరు కిందనే ఉంటుంది.

అత్తమ్మా, మీ అమ్మ సంగతి చెప్తానన్నాడు. "ఐతారం పొద్దుగాల రమ్మను, మొత్తం సెప్త" అన్నాడు. అక్కడి నుంచే నీకు ఫోన్ చేయబోయాను. వద్దన్నాడు. "ఉత్తరం రాయి బిడ్డా. దానికి కాయితం మీదున్నదే మాట. నేను పిలిచిననని రాయి" అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. నా తప్పు నోటితో చెప్పే ధైర్యం లేదు. ఇవాళే పోస్టులో వేస్తున్నాను.

ఆదివారం తప్పకుండా పో. నన్ను క్షమించు.

నీల


సూర్యాపేట,
10 నవంబర్ 2024

నీలా,

దవాఖాన వరండాలో కూర్చొని రాస్తున్నాను. సోమవారం పొద్దున సుమతి ఫోన్ చేసింది, అన్న దొడ్లో పడిపోయాడని. ఉన్న చీరతో పరుగెత్తుకొచ్చాను. ప్రాణానికి భయం లేదంటున్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనం అనేదంతా అర్థమవుతుందట, ఆయన మాత్రం చెప్పలేడట. మాట వస్తుందా అని అడిగితే డాక్టర్ ఔననలేదు, కాదనలేదు.

రెండు రోజుల తర్వాత బట్టల కోసం ఇంటికి పోతే తలుపు కింద నీ ఉత్తరం ఉంది. దీపావళి సెలవు, ఆదివారం దాటుకొని వచ్చింది. గడపలోనే నిలబడి చదివాను.

సుమతిని అడిగాను. ఆదివారం పొద్దున్నే తానం చేసి, తెల్ల ధోవతి కట్టుకొని బస్టాండు కాడ కూర్చున్నాడట. మిర్యాలగూడ వైపు నుంచి ఏ బస్సు వచ్చినా లేచి చూశాడట. మధ్యాహ్నం సుమతి పోయి "ఫోన్ జేసి అడుగుదమా మామా" అంటే, "కోపం మీదున్నది. ఉత్తరం అందినంక రాకుంటదా, రేపొస్తది" అన్నాడట. నేను ఆ ఆదివారం ఇంట్లో కూర్చొని అలిగి ఉన్నాను నీలా. ఆయన పిలిస్తే తప్ప పోనని భీష్మించుకొని, ఆయన పిలిచిన రోజే ఇంట్లో కూర్చున్నాను.

నువ్వు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని ఒక్క మాట అనుకున్నాను. తర్వాత ఉత్తరాల నియమం పెట్టిందెవరో గుర్తొచ్చి ఊరుకున్నాను.

అత్తమ్మ


కోదాడ,
15 నవంబర్ 2024

అత్తమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు, అందుకే మళ్లీ కాగితమే.

అన్నం సయించడం లేదు. ఒక్క నిమిషం ఫోన్ తీసి ఆ సైట్ చూసుకొని ఉంటే ఇదంతా జరిగేది కాదు. తర్వాతైనా నంబరు నొక్కి "అత్తమ్మా, ఆదివారం పో" అని మూడు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. ఆ సైట్‌ను చూస్తే నాకు కంపరంగా ఉంది. నువ్వు సరేనంటే సైట్ మొత్తం తీసేస్తాను.

నీల


ఆత్మకూర్ (ఎస్),
22 డిసెంబర్ 2024

నీలా,

తీసేయకు. సుమతి రోజూ తెరిచి చూపిస్తుంది, అన్న ఎడమచేత్తో ఫోన్ పట్టుకొని చూసుకుంటాడు. అంత కష్టం మీద ఆయనకు దక్కింది, దాన్ని కూడా మనం లాక్కోవద్దు. మూడో పుస్తకం గురించి ఎవరైనా అడిగితే మాత్రం, రావడం లేదని రాసెయ్యి.

ఇంటికి తెచ్చినప్పటి నుంచి నేనూ ఇక్కడే ఉంటున్నాను. తప్పంతా నీ నెత్తిన వేసుకోకు. నా పేరు పెద్దగా వెయ్యమన్నదాన్ని నేను. బడిలో కంప్యూటర్ ముందు నన్ను నేను చూసుకున్నంతసేపట్లో అన్న పేరు ఎక్కడుందని ఒక్కసారీ వెతకనిదాన్ని నేను. ఆయన తెలివిగా అన్న మాటను పిచ్చి మాట అనుకున్నదీ నేనే.

ఒక సంగతి రాయాలి. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

అన్న ఔనంటే కళ్లు మూస్తాడు, కాదంటే తల పక్కకు తిప్పుతాడు. నిన్న మధ్యాహ్నం ఎండలో మంచం వేసి కూర్చోబెట్టి, నేనే ఒక్కోటీ అడిగాను. "అమ్మ రోగమొచ్చి పోయిందా?" తల తిప్పాడు. "పాము కుట్టిందా?" కాదు. "నీళ్లల్లనా?" కళ్లు మూశాడు. "మందను నీళ్లకు తోలినప్పుడా?" ఔను. "గొర్రెపిల్ల కొట్టుకపోతుంటే దిగిందా?" కళ్లు మూసి చాలాసేపు తెరవలేదు. "నేను చంకలున్ననా?" కాదు. "నీకు ఇచ్చి దిగిందా?" ఔను. అంటే అమ్మ నన్ను అన్న చేతుల్లో పెట్టి నీళ్లలోకి దిగింది. ఇన్నేళ్లకు అంత తెలిసింది.

అప్పుడు అడిగాను: "నన్ను నీ చేతుల పెట్టేటప్పుడు అమ్మ నా గురించి ఏమన్న అన్నదా అన్నా?"

కళ్లు మూశాడు. నీళ్లు కారాయి. పెదవులు కదిలించి చెప్పబోయాడు, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది గానీ మాట రాలేదు. నేను ఊహించుకుంటూ అడిగాను. పైలంగ చూసుకొమ్మన్నదా? కాదు. నన్ను పేరు పెట్టి పిలిచిందా? కాదు. పాలకు ఏడిస్తే ఏం చేయాలో చెప్పిందా? కాదు. పొద్దు వాలేదాకా నాకు తోచినవన్నీ అడిగాను. అన్నిటికీ తల తిప్పాడు. సుమతి వచ్చి "ఇగ చాలు అత్తా, అలిసిపోయిండు" అంది.

ఔను కాదులతో తెలిసేది కాదు నీలా అది. అమ్మ నా గురించి ఒక మాట అన్నది. అది తెలిసినవాడు ఇప్పుడు కూడా నా ఎదురుగా కూర్చొని, నేను ఈ ఉత్తరం రాయడం చూస్తున్నాడు.

మీ అత్తమ్మ,
భద్రమ్మ